ఇద్దరు తల్లుల నడుమ ఒక గీత

బాసర సరస్వతమ్మ ఒకప్పుడు నాందేడ్ జిల్లా దేవత. మాహూర్ రేణుకమ్మ ఆదిలాబాదు జిల్లా తల్లి. ఇప్పటి పిల్లలకు చెబితే నమ్మరు గానీ, 1956 నవంబరు 1 దాకా లెక్క అదే. రాష్ట్రాల పునర్విభజన నాడు బాసర ఉన్న ముధోల్ తాలూకా నాందేడ్ నుంచి విడివడి ఆదిలాబాదులో కలిసింది. మాహూర్ ఉన్న కిన్వట్ తాలూకా ఆదిలాబాదు నుంచి నాందేడ్‌కు పోయింది. దెగ్లూర్ తాలూకాలోని బిచ్కుంద, జుక్కల్ ప్రాంతాలు నిజామాబాదు జిల్లాకు వచ్చాయి. అధికారులు పటం మీద గీత గీయగలిగారు గానీ మొక్కుల మీద గీయలేకపోయారు. ధర్మాబాద్ తల్లులు నేటికీ పిల్లల అక్షరాభ్యాసానికి బాసర బండే ఎక్కుతారు. ఆదిలాబాదు, నిజామాబాదు పల్లెల వాళ్లు ఎల్లమ్మ తల్లి మొక్కు చెల్లించడానికి మాహూర్ గుట్ట ఎక్కుతారు. జనం డెబ్బై ఏళ్లుగా చెరిపేస్తున్న గీతను ప్రభుత్వాల పర్యాటక ప్రణాళికలు మాత్రం ఏటేటా దిద్దుతూనే ఉన్నాయి.

ఈ సంగతి ఇప్పుడు తలచుకోవడానికి కారణముంది. బృహస్పతి సింహరాశి చుట్టూ తిరిగే పుష్కరకాలం మళ్లీ దగ్గరపడింది. నాసిక్-త్ర్యంబకేశ్వర్ సింహస్థ కుంభమేళా ధ్వజారోహణకు 2026 అక్టోబరు 31 ముహూర్తం. తొలి అమృత స్నానం 2027 ఆగస్టు 2న. గోదావరి పుష్కరాలు 2027 జూన్ 26 నుంచి జులై 7 వరకని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రకటించింది. కుంభమేళా కోసం మహారాష్ట్ర 2025లో ప్రత్యేక ప్రాధికార సంస్థనే నెలకొల్పింది. తెలంగాణ ప్రభుత్వం కూడా అదే ఏడాది బాసర నుంచి భద్రాచలం వరకు ఘాట్ల మీద సమీక్షలు మొదలుపెట్టింది. రెండూ మెచ్చదగిన పనులే. చిక్కల్లా ఒక్కటే. మహారాష్ట్ర చూపు నాసిక్ దగ్గర ఆగింది. తెలంగాణ చూపు బాసర దగ్గర మొదలైంది. గోదావరి బాసరలో పుట్టినట్టు ఇక్కడ, నాసిక్‌లోనే ఇంకినట్టు అక్కడ వ్యవహారం నడుస్తోంది. నడుమనున్న నాందేడ్ ఎవరి ఖాతాలోనూ లేదు.

నాందేడ్ అంటే దేశానికి తెలిసింది తఖ్త్ సచ్‌ఖండ్ శ్రీ హజూర్ సాహిబ్. సిక్కుల అయిదు తఖ్తులలో ఒకటి. పదో గురువు గోవింద్ సింగ్ 1708లో దేహం చాలించింది ఈ గోదావరి ఒడ్డునే. మహారాజా రంజిత్ సింగ్ 1832-37 నడుమ ఇక్కడ మందిరం కట్టించారు. 2008లో గురుతా గద్దీ త్రిశతాబ్ది జరిగినప్పుడు ఊరి రూపమే మారింది. రోడ్లు వెడల్పయ్యాయి, పాత విమానాశ్రయం మెరుగుపడింది. ఇటీవల 2025 ఆగస్టులో ముంబయి నుంచి వందే భారత్ రైలు కూడా నాందేడ్ దాకా పొడిగించారు. ఇవన్నీ దూరపు అతిథి కోసం జరిగిన ఏర్పాట్లు. అమృత్‌సర్ నుంచి, ముంబయి నుంచి వచ్చేవారిని గౌరవించాల్సిందే, ఎవరూ కాదనరు. కానీ సద్దిమూట కట్టుకుని ప్యాసింజరు బండిలో దిగే పక్కింటి చుట్టాన్ని అతిథిగా లెక్కించకపోవడమే విడ్డూరం. గురుద్వారా లంగరులో కూర్చున్నవాడిని నీదే రాష్ట్రం, ఏ భాష అని అడగరు. పర్యాటక శాఖలు నేర్చుకోవాల్సిన మొదటి పాఠం అక్కడే ఉంది.

ఆ పక్కింటి చుట్టానికి నాందేడ్ జిల్లాలో చూడ్డానికేముంది అంటే, ఏడాది పొడవునా ఉంది. శ్రావణ మాసంలో పెన్‌గంగ పొంగితే సహస్రకుండ్ జలపాతం చూసి తీరవలసిందే. ముద్ఖేడ్-ఆదిలాబాదు లైనులో ఆ పేరుతో స్టేషనే ఉంది. రాఖీ పున్నానికి మాహూర్ గడ్ పరిక్రమ. అదే కిన్వట్ వైపు ఉనకేశ్వర్‌లో వేడినీటి బుగ్గలు. ఆశ్వయుజంలో మాహూర్ నవరాత్రులు. మహారాష్ట్ర మూడున్నర శక్తిపీఠాలలో మాహూర్ ఒకటి. పక్క గుట్టల మీదే దత్త శిఖరం, అనసూయ శిఖరం. మెట్లెక్కలేని ముసలివాళ్ల కోసం రేణుకమ్మ గుడికి లిఫ్టు, స్కైవాక్ కడతామని 2023లో శంకుస్థాపన కూడా చేశారు. దీపావళికి ముందు హజూర్ సాహిబ్‌లో తఖ్త్ స్నానం జరుగుతుంది. గోదావరి నీళ్లు బిందెలతో మోసుకొచ్చి మందిరాన్ని, గురువుల నాటి ఆయుధాలను కడిగే ముచ్చట అది. మార్గశిర అమావాస్య వేళ లోహా తాలూకా మాలేగావ్‌లో ఖండోబా జాతర. గుర్రాలు, గాడిదలు, ఒంటెల సంతకు అది పెట్టింది పేరు. కొమురవెల్లి మల్లన్న భక్తులకు ఖండోబాను ఎవరూ పరిచయం చేయనక్కర్లేదు. పసుపు బండారే చెబుతుంది. కంధార్‌లో రాష్ట్రకూటుల నాటి మూలాలున్న కోట, చుట్టూ నీటి కందకం. దెగ్లూర్ తాలూకా హొట్టల్‌లో కల్యాణి చాళుక్యుల శిల్పాలు. అక్కడ జిల్లా యంత్రాంగం సాంస్కృతిక ఉత్సవం నిర్వహిస్తోంది. మద్నూర్ నుంచి కూతవేటు దూరంలో ఉత్సవం జరుగుతుంటే ఆ పిలుపు తెలుగులో ఒక్క కరపత్రమై కూడా ఇటు రాకపోతే ఎట్లా?

ఈ పిలుపు మోసుకురాగలవాళ్లు ఎవరన్నది ప్రశ్నే కాదు. ధర్మాబాద్, బిలోలి, దెగ్లూర్, భోకర్, కిన్వట్ తాలూకాల తెలుగువారున్నారు. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, బజారులో హిందీ. మూడు భాషలు నాలుక మీద ఆడే మనిషిని పర్యాటక సంస్థలు జీతమిచ్చి వెతుక్కుంటాయి. ఇక్కడ అట్లాంటివాళ్లు ఊరూరా ఉన్నారు. నాందేడ్ నగరంలో తరాల కిందట స్థిరపడ్డ పద్మశాలి కుటుంబాలున్నాయి. అయినా సరిహద్దు పల్లె యువకుడు పని కోసం నిజామాబాదు, హైదరాబాదు బాట పడుతున్నాడు. సౌకర్యాలు లేవని విసిగి, తమను తెలంగాణలో కలపాలని కొన్ని పల్లెలు గొంతెత్తిన సందర్భాలూ ఉన్నాయి. ఆ కోరికలోని రాజకీయం ఎట్లున్నా, అందులోని ఆకలి నిజం. జిల్లా స్థాయిలో రెండు భాషల గైడ్లకు శిక్షణ ఇచ్చి, గుర్తింపు కార్డు చేతికిస్తే పుష్కరాల ఏడాది వాళ్లకు ఊళ్లోనే బువ్వ దొరుకుతుంది. యాత్రికుడికి మోసపోని దారి దొరుకుతుంది.

అన్నిటికన్నా ముందు తేలాల్సింది నీళ్ల ముచ్చట. 2015 పుష్కరాలు జులై 14 నుంచి 25 వరకు జరిగాయి. ఆ ఏడు వానలు ముఖం చాటేశాయి. బాసర, కందకుర్తి రేవుల్లో గోదారమ్మ పలచబడిపోయి, షవర్ల కిందే పుణ్యస్నానం అయిందనిపించుకున్నవాళ్లు ఎందరో. ఈసారి తేదీలు ఇంకా ముందుకు జరిగాయి. ధర్మాబాద్ దగ్గరి బాభళి బ్యారేజీ విషయంలో సుప్రీంకోర్టు 2013 ఫిబ్రవరి 28న ఇచ్చిన తీర్పు ప్రకారం గేట్లు జులై 1 నుంచి అక్టోబరు 28 వరకు ఎత్తి ఉంచాలి. మార్చి 1న 0.6 టీఎంసీలు కిందికి వదలాలి. మిగతా కాలం గేట్లు మూసే ఉంటాయి. అంటే ఆంధ్రప్రదేశ్ ప్రకటించిన తేదీలే ఖాయమైతే, పుష్కరాల తొలి 5 రోజులు బాభళి గేట్లు దించి ఉన్న కాలంలోనే పడతాయి. ఎండాకాలం చివర శ్రీరాంసాగర్ వెనుక జలాలు కూడా బాసర, కందకుర్తి రేవులను వదిలి వెనక్కి పోతాయి. పుష్కరుడు వచ్చేనాటికి రేవుల్లో ఇసుకే ఎదురొస్తే భక్తులు ఎవరిని అడగాలి?

అట్లాగని గేట్లెత్తితే చాలు గోదారి ఉరకలేస్తుందనుకోవడం అమాయకత్వం. 2015లో గేట్లు ఎత్తే ఉన్నాయి. పైన నీరుంటే కదా కిందికి దిగేది! పైగా బాభళి నీటి మీద ఆశ పెట్టుకున్న ధర్మాబాద్ రైతుల్లో తెలుగువాళ్లూ ఉన్నారు. అవతలి రైతు నోరు కొట్టి ఇవతలి భక్తుడికి తానం పోయించమని ఎవరూ అడగరు. అడగకూడదు కూడా. చేయాల్సింది ముందుచూపుతో కూడిన ఒప్పందం. తీర్పు అమలును చూసేందుకు కేంద్ర జలసంఘం ప్రతినిధితో పాటు రెండు రాష్ట్రాల ప్రతినిధులున్న కమిటీ ఉంది. 2026 వానాకాలం నీటి లెక్కలు తేలగానే, పుష్కరాల కోసం ఎంత నీరు అట్టిపెట్టాలి, ఏ రోజున వదలాలి, ఆ మేరకు రైతుకు ఎట్లా సర్దాలి అన్నది ఆ కమిటీ ముందు కూర్చుని తేల్చుకోవచ్చు. కోర్టుల్లో ఏళ్ల తరబడి కొట్లాడుకున్న రెండు ప్రభుత్వాలకు పన్నెండేళ్లకోసారి వచ్చే పండగ కోసం ఒక్క పూట కలిసి కూర్చోవడం భారమా?

రేవుకు నీరు ఎంత ముఖ్యమో, అందులో మురుగు కలవకపోవడం అంతే ముఖ్యం. నాందేడ్ నగరపు మురుగు గోదావరిలో కలుస్తోందన్న మొర పాతదే. ఆ నీరే కందకుర్తి మీదుగా బాసర చేరుతుంది. ఎగువ ఊరి కాలువ దిగువ ఊరి తీర్థమవుతుందన్న సంగతి మరిచి ఘాట్లకు రంగులు వేస్తే ప్రయోజనం సున్నా.

ప్రయాణం సంగతి చూస్తే పట్టాలు ఎప్పుడో గీత దాటాయి. తిరుపతి నుంచి ఆదిలాబాదు పోయే కృష్ణా ఎక్స్‌ప్రెస్ బాసర దాటగానే మహారాష్ట్రలోకి దిగి, ధర్మాబాద్, ముద్ఖేడ్, భోకర్, కిన్వట్ చుట్టి మళ్లీ తెలంగాణ గడప తొక్కుతుంది. హైదరాబాదు నుంచి ముంబయి పోయే దేవగిరి ఎక్స్‌ప్రెస్ నిజామాబాదు, నాందేడ్ మీదుగానే నాసిక్ చేరుతుంది. నాందేడ్ రైల్వే డివిజన్ ఉన్నదీ సికింద్రాబాదు కేంద్రంగా గల దక్షిణ మధ్య రైల్వేలోనే. బస్సుల దగ్గరికి వచ్చేసరికి మాత్రం గీత టికెట్టు మీదే కనబడుతుంది. 2023 డిసెంబరులో మొదలైన మహాలక్ష్మి పథకం కింద తెలంగాణ ఆడపడుచులకు సరిహద్దు దాకా ఉచితం. మహారాష్ట్ర ఎస్టీ బస్సులో 2023 మార్చి నుంచి మహిళలకు ఆ రాష్ట్ర హద్దుల్లో సగం టికెట్టు. కానీ బాసరకొచ్చే ధర్మాబాద్ ఆడబిడ్డకు తెలంగాణ బస్సులో ఏ రాయితీ లేదు. పుష్కరాల పన్నెండు రోజులైనా బాసర-ధర్మాబాద్-నాందేడ్, ఆదిలాబాదు-కిన్వట్-మాహూర్, బోధన్-బిలోలి-నాందేడ్ దారుల్లో రెండు ఆర్టీసీలు ఉమ్మడి బస్సులు నడిపి, ఇరువైపుల ఆడవాళ్లకూ ఒకే రాయితీ ఇస్తే ఖజానాలు ఖాళీ కావు. ఏ స్టేషన్లో దిగినా, ఏ బస్టాండులో నిలబడినా మాహూర్‌కు, సహస్రకుండ్‌కు, హొట్టల్‌కు దారి చూపే బోర్డు మరాఠీ పక్కన తెలుగులోనూ ఉండాలి. అట్లాగే బాసరలో మరాఠీ బోర్డు ఉండాలి. గౌరవం ఒకవైపే నడిచే బాట కాదు.

శక్తిపీఠాలను కలుపుతూ గోవా దాకా వేయదలచిన మహామార్గానికి మహారాష్ట్ర మంత్రివర్గం 2025 జూన్‌లో 20 వేల కోట్ల రూపాయల పైచిలుకు మంజూరు చేసింది. భూములు పోతాయని రైతులు ఆందోళనకు దిగారు. ఆ వాదం తేలడానికి ఏళ్లు పట్టవచ్చు. ఈలోగా ఒక్క ఎకరం కూడా తీసుకోకుండా చేయగల పనులే ఇక్కడ చెప్పుకున్నవన్నీ. వాటికి కావలసింది కోట్లు కాదు, నాందేడ్, నిర్మల్, నిజామాబాదు, ఆదిలాబాదు, కామారెడ్డి కలెక్టర్లు ఒక బల్ల చుట్టూ కూర్చునే తీరిక. ఒకే యాత్రా పటం, ఒకే ఉత్సవాల పట్టిక, తెలుగు-మరాఠీ రెండింటిలో జవాబిచ్చే ఒకే సహాయ కేంద్రం ఏర్పడితే పుష్కరాలు వెళ్లిపోయాక కూడా అవి మిగులుతాయి. హొట్టల్ గుడి ముందు టీకొట్టు నిలబడుతుంది, కిన్వట్ కుర్రాడికి పని నిలబడుతుంది.

సరిహద్దు తెలుగువారూ ఎవరో వచ్చి చేస్తారని చేతులు కట్టుకు కూర్చోవలసిన పని లేదు. గ్రామసభల్లో తీర్మానాలు చేసి, రెండు భాషల్లో రాసి, రెండు ప్రభుత్వాలకూ పంపే సత్తా వాళ్లకుంది. గడువు పెద్దగా లేదు. మీనమేషాలు లెక్కపెడుతూ కూర్చుంటే బృహస్పతి సింహంలోకి వచ్చేస్తాడు. ఆ అదును పోతే మళ్లీ పుష్కరం ఆగాలి. గోదారి రెండు గట్లూ ఒకే తల్లివని పాలకులు ఒప్పుకోవడానికి ఇంకో పన్నెండేళ్లు పట్టనక్కర్లేదు.