ఏ రోజు మన్నా ఆ రోజే

కోఠిలో పాత పుస్తకాలు బేరమాడేవారిలో నర్సింగ్ విద్యార్థినులూ ఉంటారు. 2021 నాటి నిబంధనలతో బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్ల చదువు ఎనిమిది సెమిస్టర్లయింది. మొదటి సెమిస్టర్‌లోనే అనాటమీ, ఫిజియాలజీ, సోషియాలజీ, సైకాలజీ, నర్సింగ్ ఫౌండేషన్, ఇంగ్లిష్ అన్నీ ఒక్కసారే మీద పడతాయి. వార్డు డ్యూటీలు సరేసరి. చివరికి చాలామంది పరీక్షల ముందు రాత్రుళ్లు మేలుకుంటారు.

అరణ్యంలో ఇశ్రాయేలీయులను దేవుడు ఏ రోజు మన్నాను ఆ రోజే ఏరుకొమ్మన్నాడు. ఆశకొద్దీ మర్నాటికి దాచుకున్నది పురుగుపట్టింది. ఏడో రోజున విశ్రమించమన్నాడు (నిర్గమ 16). ఒక్క రాత్రిలో పోగేసిన చదువు కూడా నిలవదు. కష్టమైన సబ్జెక్టును తెల్లవారుజామునే చదవండి. మిగతావాటికి రోజూ అరగంట చొప్పున కేటాయించండి. వార్డులో చూసిన కేసును ఆ సాయంత్రమే పుస్తకంలో వెదకండి. నిద్ర మానకండి. తప్పిన పరీక్ష మళ్లీ రాయవచ్చు. మందు మోతాదు లెక్క తప్పితే మాత్రం నష్టపోయేది రోగి.

సంఘ పెద్దలకూ ఒక మనవి. పరీక్షల నెలలో క్వైర్, సండేస్కూలు బాధ్యతలు ఆ బిడ్డ మీద మోపకండి. ఆరాధన ముగియగానే ఇంటికి పంపండి. రోగుల కోసం ఆమె చదివే ఆ గంట కూడా దేవుని పరిచర్యే!