పిల్లల తండ్రికి పరుగెందుకు అనకండి

శీతాకాలం వస్తే శ్రీకాకుళం జిల్లా పల్లెల్లో కోడి కూయకముందే లేచేవారు రెండు రకాలు. కుప్పలు నూర్చుకునే రైతులు ఒకరు. పోలీసు, సైనిక ఉద్యోగాల కోసం పరుగు సాధన చేసే యువకులు మరొకరు. మంచులో మనిషి కనిపించడు. తారు రోడ్డు మీద అడుగుల చప్పుడు మాత్రం వినిపిస్తుంది. ఈ చప్పుడుకు ఊరి కుక్కలు కూడా మొరగడం మానేశాయి.

ఇలా పరిగెత్తేవారంతా ఇంటర్, డిగ్రీ చదివే కుర్రాళ్ళు కారు. పెళ్ళయినవారు ఉన్నారు. చంటిబిడ్డల తండ్రులు ఉన్నారు. ఒకప్పుడు బాగా పరిగెత్తి, కాలు దెబ్బతిని మానేసి, మళ్ళీ ఈ చలికాలంలో మొదలుపెట్టినవారు ఉన్నారు. వీరిని చూస్తే రచ్చబండ దగ్గర కొందరికి నవ్వు. "పిల్ల తండ్రివి, నీకింకా ఈ పరుగులేటిరా?" అని అడిగేవారు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు.

ఈ నవ్వు తగదు. ఆగిన పరుగును మళ్ళీ మొదలుపెట్టడం కొత్తగా మొదలుపెట్టడం కన్నా కష్టం. ఆ కష్టంలో ఉన్నవాడికి కావలసింది ఎగతాళి కాదు. కాస్త సరైన సలహా, ఇంట్లో కాస్త సాయం, ఊళ్ళో కాస్త నేల.

తప్పు వారిది కాదు

వీరి పరుగు ఎందుకు ఆగిందో ముందు తెలుసుకోవాలి. ఆంధ్రప్రదేశ్‌లో 6,100 కానిస్టేబుల్ పోస్టులకు 2022 నవంబరులో ప్రకటన వచ్చింది. 2023 జనవరి 22న ప్రాథమిక రాత పరీక్ష జరిగింది. అందులో నెగ్గినవారు 95 వేల మందికి పైగా. దేహదారుఢ్య పరీక్షలు ఆ మార్చిలోనే జరగవలసి ఉండగా శాసనమండలి ఎన్నికల కారణంగా వాయిదా పడ్డాయి. తర్వాత కోర్టు వ్యవహారాలు వచ్చాయి. చివరకు ఆ పరీక్షలు మొదలైనది 2024 డిసెంబరు 30న. అంటే రాత పరీక్షకూ పరుగుకూ మధ్య దాదాపు రెండేళ్ళు గడిచాయి. తుది ఫలితాలు 2025 ఆగస్టులో గాని రాలేదు.

ఈ రెండేళ్ళూ రోజూ పరిగెత్తుతూ ఎవరు కూర్చుంటారు? కడుపు ఆగదు. కొందరు విశాఖపట్నంలో కంపెనీ పనికి పోయారు. కొందరు హైదరాబాదులో కాపలా ఉద్యోగాలకు, మరికొందరు చెన్నై వైపు భవన నిర్మాణ పనులకు వెళ్ళారు. ఇంట్లో పెద్దలు పెళ్ళిళ్ళు చేశారు. తేదీ ప్రకటించగానే అందరూ మూటాముల్లె సర్దుకుని ఊళ్ళకు వచ్చి మళ్ళీ రోడ్డెక్కారు. కాళ్ళు తుప్పు పట్టి ఉన్నాయి. గడువు దగ్గరలో ఉంది. దెబ్బలు తగిలింది అక్కడే.

ఇంకా ప్రకటనలు వస్తాయి. ఇంకా వాయిదాలూ ఉంటాయి. కనుక ఈ పాఠం పాతబడిపోయినది కాదు.

ఎనిమిది నిమిషాల లెక్క

ఆ పరీక్షలో పురుషులు 1,600 మీటర్లను 8 నిమిషాల్లో, మహిళలు 10 నిమిషాల 30 సెకన్లలో పూర్తి చేయాలి. వినడానికి తేలికగానే ఉంటుంది. పురుషుల లెక్క కిలోమీటరుకు 5 నిమిషాలు. 100 మీటర్లకు 30 సెకన్లు. ఒక్క వంద మీటర్లయితే ఎవరైనా పరిగెత్తగలరు. అదే వేగం 16 సార్లు ఆగకుండా నిలబెట్టడమే పరీక్ష. రోజూ సాధన ఉన్న కుర్రాడికి ఇది పెద్ద విషయం కాదు. రెండేళ్ళు మానేసినవాడికి మూడో చుట్టులోనే ఊపిరి అందదు.

ఇక్కడే చాలామంది పొరబడుతున్నారు. పాత వేగం మనసులో ఉంటుంది. కాళ్ళలో ఉండదు. మొదటి రోజే గడియారం పట్టుకుని 1,600 మీటర్లు పరిగెత్తి చూస్తారు. రెండు మూడు వారాలు గడిచేసరికి ఊపిరి బాగానే అందుతుంది. ఇక ఫరవాలేదనుకుని వేగం పెంచుతారు. కానీ గుండె, ఊపిరితిత్తులు తేరుకున్నంత త్వరగా ఎముకలు, నరాలవంటి స్నాయువులు తేరుకోవు. వాటికి నెలలు పడుతుంది. ఈ తేడా తెలియక మోకాలి కింద ముందు ఎముక వెంట నొప్పి తెచ్చుకుంటున్నారు. మడమ వెనుక నరం పట్టేస్తుంది. అయినా ఆపకపోతే ఎముకలో సన్నని పగులు ఏర్పడుతుంది.

ఈ పగులు సంగతి జాగ్రత్తగా చూడాలి. నొప్పి కాలంతా కాకుండా వేలితో నొక్కితే ఒక్క చోటనే పొడిచినట్లుంటే, నడిచినా, రాత్రి పడుకున్నా నొప్పి తగ్గకపోతే అది మామూలు పట్టు కాదని వైద్యులు చెబుతారు. ఇది మొదటి రెండు మూడు వారాల్లో ఎక్స్‌రేలో కనిపించకపోవచ్చు కూడా. "ఎక్స్‌రేలో ఏమీ లేదు" అన్నారని మర్నాడే పరిగెత్తితే పగులు పెద్దదవుతుంది. ఇటువంటి చోట గట్టిగా నూనె రుద్దించడం, పసరు కట్టు కట్టించుకుని పరుగుకు పోవడం మేలు చేయవు. పెద్దాసుపత్రిలో ఎముకల డాక్టరుకు చూపించి, చెప్పినన్ని వారాలు ఆగాలి. ఆరు వారాలు ఆగినవాడికి ఉద్యోగం అవకాశం మిగులుతుంది. ఆగనివాడికి కాలే మిగలదు.

ఉద్దానంలో నొప్పి మాత్రలా?

అన్నిటి కన్నా విచారకరమైనది నొప్పి మాత్రల అలవాటు. పరుగుకు ముందు ఒక మాత్ర వేసుకుంటారు. మరీ నొప్పిగా ఉంటే ఊళ్ళో ఆర్.ఎం.పి. దగ్గర సూది వేయించుకుంటారు. నొప్పి అనేది ఒంటికి కాపలాదారు వంటిది. కాపలాదారు నోరు నొక్కేస్తే దొంగ పోడు.

ఈ జిల్లాలో దీనికి మరో ప్రమాదం తోడుగా ఉంది. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల ఉద్దానం ప్రాంతంలో కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్ళను చీకటి చేసిందో చెప్పనక్కరలేదు. జబ్బుకు అసలు కారణం ఏమిటన్నది ఇంకా తేలలేదు. పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ పరిశోధనా కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయంటేనే ఇక్కడి బాధ ఎంతటిదో తెలుస్తుంది. నొప్పి మాత్రలు అదే పనిగా వాడితే కిడ్నీలకు చేటని వైద్యులు ఎప్పటినుంచో హెచ్చరిస్తున్నారు. చెమటోడ్చి, నీళ్ళు తాగక, పైగా మాత్ర వేసుకుంటే చేటు ఇంకా ఎక్కువ. చలికాలంలో దాహం తెలియదు. అందుకని నీళ్ళ అవసరం తీరిపోయినట్లు కాదు. ఉద్యోగం కోసం కిడ్నీలు పోగొట్టుకోవడం ఏ ఇంటికీ లాభం కాదు.

గుండె మాట కూడా ఉంది. 2025 జనవరిలో మచిలీపట్నంలో ఇదే 1,600 మీటర్ల పరుగులో ఒక అభ్యర్థి కుప్పకూలి మరణించాడు. పరుగులో గుండెనొప్పి, కళ్ళు తిరగడం, స్పృహ తప్పడం వంటివి ఒక్కసారి వచ్చినా, ఇంట్లో చిన్న వయసులో హఠాత్తుగా పోయినవారున్నా, డాక్టరుకు చూపించుకోకుండా మళ్ళీ పరిగెత్తరాదు. జ్వరం ఉన్న రోజున ఎంత గడువు దగ్గర పడినా పడుకోవలసిందే.

నిదానమే ప్రధానం

మరి ఎలా మొదలుపెట్టాలి? ఇందులో పెద్ద శాస్త్రం లేదు. మొదటి రెండు వారాలు అరగంట చొప్పున వడిగా నడవాలి. నొప్పి లేకపోతే ఒక నిమిషం మెల్లగా పరుగు, రెండు నిమిషాలు నడక. ఇలా ఎనిమిది పది సార్లు. రోజు విడిచి రోజు చాలు. వారం వారం పరుగు కొంచెం పెంచి నడక తగ్గించాలి. గడియారం మొదటి నెలంతా ఇంట్లోనే ఉండవచ్చు. వేగం చివర చూసుకునేది. పరుగు కొద్దీ నొప్పి పెరిగితే అక్కడే ఆగి నడిచి ఇంటికి రావాలి. మర్నాడు లేవగానే కాలు కుంటుతుంటే ఆ రోజు సెలవు.

చలిలో ఒళ్ళు బిగిసి ఉంటుంది. పది నిమిషాలు నడిచి ఒళ్ళు వెచ్చబడ్డాకే పరుగు తీయాలి. సిమెంటు రోడ్డు కన్నా చెరువు గట్టు మట్టి మెత్తన. అయితే గుంటలు చూసుకోవాలి. మెట్టు అంచున నిలబడి మడమలు మెల్లగా ఎత్తి దించడం రోజూ చేస్తే పిక్కలు గట్టిపడతాయి. దీనికి ఖర్చు లేదు. అరిగిపోయిన పాత బూట్లు మాత్రం పనికిరావు. తిండికి డబ్బాల్లో అమ్మే పొడుల అవసరం లేదు. చోడి అంబలి, వేరుశెనగలు, గుడ్డు, పప్పన్నం చాలు.

పొలం పనిని కూడా లెక్కలో వేసుకోవాలి. పొద్దంతా వరి మోపులు మోసినవాడి కాళ్ళు అప్పటికే సగం సాధన చేశాయి. ఆ మర్నాడు పరుగు మానితే నష్టం లేదు. చంటిబిడ్డ ఏడ్చి రాత్రంతా నిద్ర లేని మర్నాడూ అంతే. నిద్ర లేని ఒంటికి దెబ్బ త్వరగా తగులుతుంది.

ఇంటివారి పాలు

ఇక ఇల్లు. పరిగెత్తేది ఒక్కడే అయినా బరువు మోసేది ఇంటిల్లిపాదీ. అతడు నాలుగింటికి లేచి పోతే పశువులకు మేత వేసేది తల్లి. బిడ్డను చూసుకుంటూ పొయ్యి వెలిగించేది భార్య. అతడు అలసి వచ్చి పడుకుంటే ఆమె కూలికో కోతకో పోవాలి. ఈ మాట ఆమె నోరు విప్పి చెప్పదు. చెప్పకపోయినా అతడు తెలుసుకోవాలి. పొద్దుట గంట తనది అయితే సాయంత్రం గంట ఆమెకు ఇవ్వాలి. బిడ్డను ఎత్తుకోవడం, నీళ్ళు మోయడం మగతనానికి తక్కువ కాదు. ఎన్ని నెలలు ఈ సాధన, కుదరకపోతే తర్వాత ఏ పని అన్నది ఇద్దరూ కూర్చుని ముందే అనుకుంటే ఇంట్లో తగవులుండవు.

కోడళ్ళ సంగతి మరీ గమనించాలి. రాత పరీక్ష నెగ్గిన ఆడపిల్లలు పెళ్ళయ్యాక "ఇంకెక్కడి పరుగు" అని ఆగిపోతున్నారు. కాన్పు తర్వాత డాక్టరు సరేనన్నాక నడకతో మొదలుపెట్టవచ్చు. ఈ జిల్లాకే చెందిన ఆమదాలవలస మండలం ఊసవానిపేట బిడ్డ కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది పెళ్ళయిన మూడేళ్ళకు. పరుగుల రాణి పి.టి. ఉష పెళ్ళి, కాన్పు అయ్యాక తిరిగి వచ్చి 1998లో జపాన్‌లోని ఫుకువోకాలో జరిగిన ఆసియా పోటీల్లో పతకాలు గెలిచారు. అందరూ ఉషలు కానక్కరలేదు. పది నిమిషాల ముప్పై సెకన్ల పరుగుకు అత్తగారు గంటసేపు మనవణ్ణి ఎత్తుకుంటే చాలు.

రోడ్డు మైదానం కాదు

చివరగా ఊరూ, ప్రభుత్వమూ. పిల్లలు పరిగెత్తుతున్నది లారీలు తిరిగే రోడ్ల మీద. పదహారో నంబరు జాతీయ రహదారికి దగ్గరి ఊళ్ళ వారు ఆ మంచులోనే దాని అంచున పరిగెత్తుతున్నారు. లారీ డ్రైవరుకు మంచులో నల్ల చొక్కా కనిపించదు. రోడ్డు తప్పకపోతే కుడి పక్కన, ఎదురుగా వచ్చే బండి కనబడేలా పరిగెత్తాలి. తెల్ల చొక్కా వేసుకోవాలి. చేతిలో లైటు ఉండాలి. చెవుల్లో పాటలు వద్దు.

అసలు రోడ్డెక్కవలసిన పని ఎందుకు ఉండాలి? హైస్కూలు మైదానాలు చాలా ఊళ్ళలో ఉన్నాయి. తెల్లవారుజామున వాటి గేట్లకు తాళాలు ఉంటున్నాయి. ఉదయం ఐదు నుంచి ఏడు వరకు తాళం తీసి, ఒక్క దీపం వేయిస్తే పంచాయతీకి పెద్ద ఖర్చు కాదు. టేపుతో కొలిచి 200 మీటర్ల చుట్టుకు సున్నం గీస్తే ఎనిమిది చుట్లతో లెక్క తేలుతుంది. దీపం, గేటు ఉంటే ఆడపిల్లలూ ధైర్యంగా వస్తారు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరు నెలకొకసారి అక్కడికి వచ్చి కాళ్ళు, రక్తపోటు చూసి నాలుగు మాటలు చెబితే నొప్పి మాత్రల అలవాటు సగం తగ్గుతుంది.

నియామక మండలి కూడా ఒక్క సంగతి ఆలోచించాలి. రాత పరీక్షకూ పరుగుకూ మధ్య ఏళ్ళు గడిచే పరిస్థితి రాకూడదు. తప్పనిసరిగా వాయిదా పడితే కొత్త తేదీకి మూడు నెలల ముందే కబురు చెప్పాలి. కాళ్ళు కాగితాలు కావు, బీరువాలో పెట్టి రెండేళ్ళ తర్వాత తీయడానికి.

ఉద్యోగం అందరికీ రాదు. 95 వేల మందిలో 6,100 మందికే వస్తుందన్నది పరిగెత్తేవాడికీ తెలుసు. అయినా లేస్తున్నాడు. ఉద్యోగం రాకపోయినా కాలు బాగుండాలి, కిడ్నీ బాగుండాలి, ఇల్లు బాగుండాలి. మళ్ళీ పొలానికో కంపెనీకో పోవలసింది ఆ కాళ్ళతోనే. రేపు తెల్లవారుజామున మంచులో అడుగుల చప్పుడు వినిపిస్తే నవ్వడం మాని, స్కూలు గేటు తాళం చెవి ఎవరి దగ్గర ఉందో కనుక్కోవడం ఊరి పెద్దల పని.