పెద్దకర్మ మర్నాటి సంతకం

తండ్రి పెద్దకర్మ ముగిసింది. వాకిట్లో పందిరి ఇంకా విప్పలేదు, వంట గుండిగలు పెరట్లో బోర్లించి ఉన్నాయి. ఆడపిల్లల చేతుల్లో చీరలు పెట్టాక పెద్దన్న చెల్లెలిని పక్కకు పిలుస్తాడు. "రేపోసారి రిజిస్ట్రారాఫీసుకు రావాలమ్మా, ఆధార్ కార్డు తెచ్చుకో. ఊరికే ఒక సంతకం."

ఊరికే పెట్టే ఆ సంతకం తన వాటాను వదులుకునే హక్కు విడుదల దస్తావేజు మీద. వీలునామా రాయకుండా తండ్రి కన్నుమూసిన ఎన్నో తెలుగు ఇళ్ళలో పంపకం ఇలాగే జరిగిపోతోంది.

చట్టం చెప్పేది వేరు. 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం తండ్రి స్వార్జితం కొడుకులకు, కూతుళ్ళకు, భార్యకు, బతికుంటే ఆయన తల్లికి సమానంగా చెందాలి. ఉదాహరణకు ఆయన తల్లి బతికి లేదు, నాలుగెకరాల పొలం, ఇద్దరు కొడుకులు, ఇద్దరు కూతుళ్ళు, భార్య ఉన్నారనుకుందాం. ఐదు వాటాలు, తలా 80 సెంట్లు. తెలంగాణ లెక్కలో 32 గుంటలు. ముస్లిం కుటుంబాల్లో కూతురికి కొడుకు వాటాలో సగం వస్తుంది. క్రైస్తవుల్లో భార్యకు మూడో వంతు పోగా మిగిలింది పిల్లలందరికీ సమానమే.

ఆ ఐదింటిలో అమ్మ వాటా సంగతి ఎవరూ ఎత్తరు. అమ్మ ఎవరి దగ్గర ఎన్ని నెలలుండాలన్న చర్చ మాత్రం అర్ధరాత్రి దాకా సాగుతుంది. తన పొలం మీద తను బతకాల్సిన మనిషిని కొడుకులకు వంతులేసి పంచడం చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

ఇక తాతముత్తాతల నుంచి వచ్చిన పిత్రార్జితంలో కూతురికి కొడుకుతో సమాన హక్కును దేశంలో మొదట ఇచ్చింది మన ఉమ్మడి ఆంధ్రప్రదేశే. ఎన్టీ రామారావు ప్రభుత్వం 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించేలా చట్టాన్ని సవరించింది. అయితే అప్పటికే పెళ్ళయిన ఆడపిల్లలకు అది అందలేదు. ఒకే ఇంట్లో అక్కకు లేని హక్కు చెల్లెలికి దక్కింది. 2005లో కేంద్ర సవరణ ఆ తేడాను చెరిపేసింది. ఆ సవరణ నాటికి తండ్రి బతికున్నా లేకున్నా కూతురి హక్కు పుట్టుకతో వచ్చేదేనని 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. 2004 డిసెంబరు 20కి ముందే పక్కాగా జరిగిన పంపకాలను మాత్రం తిరగదోడలేరు. "ఎప్పుడో పెద్దమనుషుల ముందు నోటిమాటగా పంచుకున్నాం" అంటే, దాన్ని బలపరిచే ప్రభుత్వ పత్రాలు లేకుండా కోర్టు నమ్మదు.

"పెళ్ళికి అరెకరం అమ్మాం కదా" అంటారు అన్నలు. 1961 నుంచీ నిషేధంలో ఉన్న కట్నాన్ని చూపించి వాటా కొట్టేయడం కుదరదు. నాన్నను చివరిదాకా చూసుకున్నవాడి మాట వేరు. ఆసుపత్రి ఖర్చుకు చేసిన అప్పు అతనొక్కడే తీరుస్తుంటే ఆ బాధ నిజమైనదే. దాన్ని అందరి ముందూ పెట్టి, రూపాయల్లో లెక్క తేల్చుకోవాలి. అసలు ఆ తండ్రే తెల్లకాగితం మీద తన స్వార్జితానికి వీలునామా రాసి, ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం చేసి, వారితోనూ చేయించి ఉంటే సరిపోయేది. స్టాంపు పేపరు అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ కూడా తప్పనిసరి కాదు. వీలునామా మాటెత్తితే చావును పిలిచినట్టేనని మన ఇళ్ళలో భయపడతారు.

చెల్లెలిదీ భయమే. సంతకం పెట్టనంటే సంక్రాంతికి పిలిచే ఇల్లుండదని, తన పిల్లలకు మేనమామ దూరమవుతాడని. "ఎవరి బలవంతమూ లేకుండా, నా ఇష్టపూర్వకంగా" అని దస్తావేజులో ఉన్న వాక్యం కింద ఆమె పేరు పడేది అందుకే.

ఆ కాగితం సంవత్సరీకం దాకా ఆగాలి. అప్పుడైనా సంతకానికి ముందు సర్వే నంబరు, విస్తీర్ణం, అందులో తన వాటా ఎంత, ఇవాళ ఊళ్ళో ఎకరం ఏ ధర పలుకుతోందన్నది ఆమె పక్కన కూర్చుని చదివి వినిపించాలి. అప్పుడు అమ్మ కూడా అక్కడే ఉండాలి, ఆమె 80 సెంట్లూ ఆ లెక్కలో కనిపించాలి.