క్షమాభిక్ష ఎవరి దయ?

1993 మార్చి 8 తెల్లవారుజామున హైదరాబాదు నుంచి చిలకలూరిపేటకు వస్తున్న ఆర్టీసీ బస్సు ఊరు చేరకముందే తగలబడింది. ప్రయాణికులను దోచుకోవాలని ఎక్కిన ఇద్దరు యువకులు పెట్రోలు చల్లి నిప్పుపెట్టారు. 23 మంది సజీవదహనమయ్యారు. ఇక్కడ చెప్పబోయే మాట ఏదీ ఆ 23 ప్రాణాల విలువను తగ్గించేది కాదు. అమాయకుని ఒక్క ప్రాణం తీసినా యావత్ మానవజాతిని చంపినట్లేనని నమ్మే వాళ్లం మనం.

నిందితులిద్దరూ పేద దళిత యువకులు. బెదిరించడమే తప్ప చంపడం తమ ఉద్దేశం కాదన్న వాదన కోర్టుల్లో నిలవలేదు. గుంటూరు సెషన్స్ కోర్టు 1995లో ఉరిశిక్ష వేసింది. హైకోర్టు ఖాయపరిచింది. 1996 ఆగస్టులో సుప్రీంకోర్టు కూడా దాన్నే సమర్థించింది. ఇక మిగిలింది రాష్ట్రపతి సంతకం. శంకర్ దయాళ్ శర్మ అర్జీని తోసిపుచ్చారు. 1997 మార్చి 29న ఉరి అని తేదీ కూడా పెట్టేశారు. పౌరహక్కుల సంఘంవారు, దళిత సంఘాలవారు పట్టుదలగా తిరగబట్టి ఆఖరి ఘడియల్లో అమలు ఆగింది. ఆ ఏడాది జూలైలో కె.ఆర్. నారాయణన్ రాష్ట్రపతి అయ్యారు. 1998లో ఆ శిక్ష యావజ్జీవంగా మారింది.

నేరం అదే, మనుషులు వాళ్లే. మారింది కుర్చీలో కూర్చున్నవారు! శిక్ష మారినందుకు సంతోషించినవారికైనా ఈ సంగతి కలవరం కలిగించాలి. భూమయ్య, కిష్టాగౌడ్‌లకు ఆ అవకాశం కూడా దక్కలేదు. ఎమర్జెన్సీ చీకట్లో 1975 డిసెంబరు 1న వారిని ఉరితీశారు. ప్రభుత్వం మారడానికి అప్పటికి ఏడాదిన్నర కూడా లేదు.

ఉమ్మడి గుంటూరు జిల్లాలోనే మరో సంగతి. 1991 ఆగస్టు 6న చుండూరులో దళితులను ఊచకోత కోశారు. తీర్పు రావడానికి 16 ఏళ్లు పట్టింది. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం విధించింది. 2014లో హైకోర్టు వారందరినీ నిర్దోషులుగా వదిలిపెట్టింది. బస్సు కేసు మూడున్నరేళ్లలోనే కింది కోర్టు నుంచి సుప్రీంకోర్టు దాకా తేలిపోయింది. చట్టం ఎవరి దగ్గర పరుగెత్తుతుందో, ఎవరి దగ్గర నడుస్తుందో వేరే చెప్పాలా?

హిజ్రీ 18లో అరేబియాను కరవు పీడించింది. ఆ సంవత్సరం హజ్రత్ ఉమర్ (రజి) దొంగతనానికి చేయి నరికే శిక్షను నిలిపివేశారు. దొంగతనం తప్పు కాదని ఆయన అనలేదు. ఆకలి తీర్చవలసిన బాధ్యత తనది. అది నెరవేర్చలేనప్పుడు ఆకలిగొన్నవాడి చేయి నరికే అర్హత తనకు ఎక్కడిదని ఆలోచించారు. ఖలీఫా శిక్షను ఆపింది ఎవరి సిఫార్సు మీదా కాదు. ఆ కరవు అందరిదీ, ఆ నిలుపుదల కూడా అందరికీ.

మన దగ్గర సిఫార్సుల సంగతి వేరు. 2005లో ఇదే రాష్ట్రంలో హత్య కేసులో జైలుశిక్ష పడిన ఒక కాంగ్రెస్ నాయకుడికి గవర్నర్ మిగతా శిక్ష తగ్గించారు. అతను మంచి కాంగ్రెస్ కార్యకర్త అన్న మాట కూడా ఫైల్లో ఉంది. హతుని కుమారుడు సుప్రీంకోర్టుకు వెళ్లాడు. 2006 అక్టోబరులో కోర్టు ఆ ఉత్తర్వును కొట్టివేసింది. క్షమాధికారం పాలకుడి సొంత సొత్తు కాదని, కులం, మతం, పార్టీ చూసి వాడితే కోర్టులు ప్రశ్నించవచ్చని చెప్పింది.

అసలు దీన్ని 'క్షమాభిక్ష' అనడంలోనే చిక్కుంది. భిక్ష వేసేవాడు ఎవరికి వేయాలో తానే ఎంచుకుంటాడు. చిలకలూరిపేట కేసులో ఇద్దరి మెడ మీది తాడు తీయించడానికి కొన్నేళ్ల ఉద్యమం కావలసి వచ్చింది. పార్టీ మనిషికి ఒక ఫైలు సరిపోయింది. ఆ బస్సులో కాలిపోయినవారి పిల్లలను మాత్రం ఈ రెండు సందర్భాల నడుమ ఏ రాష్ట్రపతీ, ఏ గవర్నరూ మీ అభిప్రాయమేమిటని అడగవలసిన అవసరం మన చట్టంలో లేదు.