తోటకూర: తినమని చెబితే చాలదు

విశాఖపట్నం రైతు బజార్లలో ఏడాది పొడవునా దొరికే ఆకుకూరల్లో తోటకూర ముఖ్యమైనది. విత్తిన 25-30 రోజుల్లో కోతకు రావడం, పెట్టుబడి తక్కువ కావడం, పప్పు, పులుసు, వేపుడు అన్నింటికీ అనువుగా ఉండడం ఇందుకు కారణాలు. రక్తహీనత గల మహిళలకు విస్తరణ సిబ్బంది మొదట సూచించే కూరల్లోనూ ఇది ఒకటి. ఆ సలహా మంచిదే కాని, అసంపూర్ణమైనది. ఆకు ఏ నేలలో పెరిగింది, దానిని ఎలా కడిగి వండాలి, ఎవరు జాగ్రత్తపడాలి అన్నవి కూడా చెప్పినప్పుడే అది పూర్తవుతుంది.

అవసరం ఎంతటిదో గణాంకాలే చెబుతున్నాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ల మహిళల్లో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన పట్టికల ప్రకారం 100 గ్రాముల పచ్చ తోటకూరలో ఇనుము సుమారు 4.6 మిల్లీగ్రాములు, కాల్షియం సుమారు 330 మిల్లీగ్రాములు. పాత పాఠ్యపుస్తకాల్లో కనిపించే 25.5 మిల్లీగ్రాముల ఇనుము విలువను నేటికీ శిక్షణ పత్రాల్లో వాడడం సరికాదు. ఆకుకు అంటిన మట్టి కూడా పరీక్షలో ఇనుమును ఎక్కువగా చూపగలదు; అది శరీరానికి అక్కరకు వచ్చే ఇనుము కాదు.

ఆకులోని ఇనుములోనూ శరీరం గ్రహించేది కొంతే. వండి దించిన తరువాత నిమ్మరసం పిండుకుంటే, లేదా భోజనంతో ఉసిరి, జామ వంటివి తీసుకుంటే సి విటమిన్ వల్ల ఇనుము బాగా వంటబడుతుంది. భోజనం వెంటనే టీ తాగితే ఆ మేలు తగ్గుతుంది. కొద్దిపాటి నూనె వాడితే ఆకులోని బీటా కెరోటిన్ శరీరానికి అందుతుంది. తీవ్ర రక్తహీనతలో మాత్రం తోటకూర ఐరన్ మాత్రలకు తోడే కాని, ప్రత్యామ్నాయం కాదు.

రేవు, ఉక్కు పరిశ్రమ ఉన్న విశాఖలో మరో ప్రశ్న ఉంది. 2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం పరిధిలోని నగరాల్లో ఇదీ ఒకటి. రేవులో బొగ్గు, ఇనుప ఖనిజం ఎగుమతి దిగుమతుల వల్ల రేగే ధూళి ఇక్కడి ప్రజల పాత ఫిర్యాదే. వెడల్పాటి ఆకులపై ధూళి సులువుగా నిలుస్తుంది. కోయకముందే రెండు మూడు నీళ్లలో కడిగితే అది చాలావరకు పోతుంది. కోసిన తరువాత కడిగితే సి విటమిన్ నష్టమవుతుంది. కాని కలుషిత నేల నుంచి, మురుగునీటి నుంచి వేరు పీల్చుకున్న కాడ్మియం, సీసం కడిగినా పోవు. కాడ్మియంను ఆకుల్లో కూడబెట్టుకునే గుణం తోటకూరకు ఉంది.

కొందరికి ప్రత్యేక జాగ్రత్తలు అవసరం. ఆక్సలేట్లు ఎక్కువగా ఉన్నందున మూత్రపిండాల్లో ఆక్సలేట్ రాళ్లు ఏర్పడే వారు తోటకూరను పరిమితంగా, ఉడికించిన నీరు వంపి, పెరుగు లేదా మజ్జిగతో కలిపి తినడం మేలు. పొటాషియం తగ్గించమని వైద్యులు చెప్పిన మూత్రపిండ రోగులు వారి సలహా లేకుండా తినరాదు. వార్ఫరిన్ వాడేవారు ఆకుకూరల పరిమాణాన్ని ఒక్కసారిగా పెంచడం, తగ్గించడం చేయరాదు. ఇందులోని కె విటమిన్ ఆ మందు పనితీరును మారుస్తుంది.

రైతు బాధ్యత కూడా ఇందులో ఉంది. కోతకు ముందు యూరియా అధికంగా వేస్తే ఆకులో నైట్రేట్ పెరుగుతుంది. మురుగు కాలువల నీటితో సాగును మానుకోవాలి.

అయితే భయపెట్టి తోటకూరను పళ్లెం నుంచి తొలగిస్తే నష్టపోయేది రక్తహీనతతో బాధపడే మహిళ, సెంటు భూమిపై బతికే చిన్న రైతు. పరిష్కారం పరీక్షలో ఉంది. నగర శివారు ఆకుకూరల మడులలో మట్టి, నీరు, ఆకు నమూనాలను ఏరువాక కేంద్రాలు, కృషి విజ్ఞాన కేంద్రాలు క్రమం తప్పక సేకరించి, ఫలితాన్ని మొదట రైతుకే చెప్పాలి. లోహాలు హద్దు మీరిన చోట పూల సాగువంటి ప్రత్యామ్నాయం చూపాలి. విద్యార్థుల క్షేత్ర అధ్యయనాలకు ఇంతకంటే ఉపయోగకరమైన అంశం అరుదు. మడి నుంచి ముద్ద వరకు మొత్తం తెలిసినప్పుడే ‘తోటకూర తినండి’ అనే మాటకు శాస్త్రీయ బలం చేకూరుతుంది.