మూడు వారాల గడువు చాలదు



సంక్రాంతికి అమెరికాలో ఒకచోట చేరే కుటుంబాలు ఇక్కడి నుంచి బట్టలు తెప్పించుకోవాలంటే మూడు వారాల ముందు ఆర్డరిస్తే చాలని గత సంచిక వ్యాసంలో రాశారు. నేను ఒప్పుకోను.

ఆ లెక్క పాతది. 800 డాలర్లలోపు పార్సిళ్లకు ఉన్న సుంకం మినహాయింపును 2025 ఆగస్టు 29 నుంచి అమెరికా ఎత్తేసింది. అంతకు నాలుగు రోజుల ముందే మన తపాలా శాఖ అక్కడికి చాలా రకాల పార్సిళ్లు తీసుకోవడం ఆపేసి, అక్టోబరు 15న మళ్లీ మొదలుపెట్టింది. ఆ ఏడాది దీపావళి అక్టోబరు 20న. మళ్లీ మొదలైన రోజునే పంపినా పట్టులంగా పండక్కి అందుతుందని ఎవరు భరోసా ఇవ్వగలిగేవారు?

పైగా సంక్రాంతికి మూడు వారాల ముందంటే సరిగ్గా క్రిస్మస్. అక్కడ కొరియర్ల రద్దీ, ఇక్కడ దర్జీలకు ఊపిరాడని పని. రెడీమేడ్ కుర్తా సంగతి వేరు. మగ్గం వర్కు జాకెట్టుకి, ఆర్డరు మీద నేయించే ఉప్పాడ జాందానీకి ఆ గడువు పెట్టడం అన్యాయం. జాందానీలో ప్రతి బుటా చేత్తో వేయాల్సిందే. నేతన్నను తొందరపెట్టి పండగ చేసుకోవడం నాకు నచ్చదు.

దసరాకే ఆర్డరివ్వాలి. ఎదిగే పిల్లల బట్టలకు కుట్టులోపల గుడ్డ ఎక్కువ వదలమనాలి, ఎందుకంటే తిప్పి పంపడం గిట్టుబాటు కాదు. సుంకం ధరలోనే కలిపారో, గుమ్మం దగ్గర కట్టాలో దుకాణాన్ని ముందే అడగాలి. ఈ సవరణను దసరాకి ముందు సంచికలోనే వేయమని నా మనవి.

– ఒక పాఠకురాలు, విజయవాడ