‘శత్రుసమక్షమున’ అను మాట



యుద్ధము మగవారి పని, బిరుదులు సర్కారువారి పని అని తలచి మనము పత్రికలో ఆ పుటను త్రిప్పివేయుచుందుము. 2021 జనవరిలో ఒక తండ్రి పలికిన మాట మమ్మట్లు త్రిప్పనీయలేదు. సూర్యాపేట వాస్తవ్యుడైన కర్నల్ బిక్కుమళ్ల సంతోష్ బాబు 16వ బిహార్ పటాలమునకు నాయకుడై, 2020 జూన్ 15వ తేదీ రాత్రి గల్వాన్ లోయలో చైనా సైనికులతో జరిగిన పెనుగులాటలో నేలకొరిగెను. ఆయనతో కలిపి ఇరువదిమంది మనవారు పోయిరి. మరుసటి యేట గణతంత్రదినోత్సవమునకు ఆయన పేర మహావీరచక్రము ప్రకటింపబడినది. కన్నతండ్రి మాత్రము, తన కుమారునికి పరమవీరచక్రమే రాదగియుండెననియు, తనకు పూర్తిగా తృప్తి కలుగలేదనియు నలుగురియెదుట చెప్పెను.

ఆయన మాటలో మాకు తప్పేమియు కనబడలేదు. అయినను ‘రాదగియుండెను’ అనుటకు కొలబద్ద యెక్కడ నున్నది? కొలుచువారెవరు? ఇది తెలిసికొనవలెనని పట్టుదల కలిగి, మా పంతులుగారిచేత కాగితములు తెప్పించుకొని కొన్ని మధ్యాహ్నములు చదివితిమి.

పరమవీర, మహావీర, వీరచక్రములు మూడును 1950 జనవరి 26న ఏర్పడినవి. 1947 ఆగస్టు 15 మొదలు జరిగిన కార్యములకు వర్తించునట్లు విధింపబడినవి. మూడింటి నిబంధనలను ప్రక్కప్రక్కన పెట్టి చూచినచో ఒక విచిత్రము కానవచ్చును. ‘శత్రువుయొక్క సమక్షమున’ అను మాట మూడింటికిని సమానమే. భేదమంతయు విశేషణములలో నున్నది. ఉత్త సాహసమైనచో వీరచక్రము, ప్రస్ఫుటమైన సాహసమైనచో మహావీరచక్రము, అన్నిటికంటె ప్రస్ఫుటమైన శౌర్యమో అసామాన్యమైన ఆత్మత్యాగమో యైనచో పరమవీరచక్రము. చిన్ననాడు వ్యాకరణములో తరతమభావమును వల్లెవేసినప్పుడు, ఆ ‘తమ’ అను రెండక్షరములకై ఒక యింటివారు దుఃఖింపగలరని మాకు తోచనే లేదు! ఇంతవరకు ఆ పరమపదవి నందినవారు ఇరువదియొక్కరే. వారిలో పదునలుగురు మరణానంతరము పొందినవారు. తెలుగువారొక్కరును లేరు.

గల్వానులో తుపాకులు ప్రేలలేదు. రాళ్లతోడను కఱ్ఱలతోడను కొట్టుకొనిరి. యుద్ధమును ఎవ్వరును ప్రకటింపలేదు. అట్టిచో యుద్ధకాలపు చక్రమెట్లు వచ్చినదని కొందరు శంకించిరి. నిబంధన కోరునది యుద్ధప్రకటనను కాదు, శత్రుసమక్షమును. ఎదుట నిలిచినది పరదేశపు సేన గనుక ఆ షరతు తీరినది. ఇందుకు మరియొక ప్రక్కను చూడుడు. శ్రీకాకుళము జిల్లావారైన మేజర్ మళ్ల రామగోపాల్ నాయుడు 2023 అక్టోబరులో కాశ్మీరమునందలి కుప్వాడాలో, సరిహద్దు దాటి చొరబడిన ఉగ్రవాదుల నెదిరించి పోరాడెను. అక్కడ తుపాకులు నిజముగానే ప్రేలినవి. 2024లో ఆయనకు ప్రకటింపబడినది కీర్తిచక్రము. ఇది అశోక, కీర్తి, శౌర్యచక్రములను వేరొక వరుసలోనిది. 1952లో అశోకచక్రమే మూడు తరగతులుగా నేర్పడి, 1967లో ఈ పేర్లు పొందినది. శత్రుసేన యెదుట కాక, అన్యత్ర చూపిన పరాక్రమమున కీ వరుస. ప్రాణభయము రెండుచోట్లను ఒక్కటే గదా యని మీరడుగవచ్చును. మేమును అడిగితిమి. ఎదుటివాడెవడో దానినిబట్టియే వరుస మారును గాని, గుండెదిటవునుబట్టి కాదు. ఈ సంగతి తెలిసినచో, మావానికి తక్కువ చేసిరని కన్నీరు పెట్టుకొను ఇండ్లలో కొంత బాధయైన తగ్గునని మా తలంపు.

ఈ చక్రములకు రూపము గీసినది ఒక స్త్రీ యని మీలో నెందరికి తెలియును? స్విట్జర్లాండులో పెరిగి, ఖానోల్కర్ అను మన సైనికోద్యోగిని పెండ్లాడి, సావిత్రీబాయి యైన ఆమె సంస్కృతమును, పురాణములను చదువుకొన్నది. పరమవీరచక్రముమీద నాలుగు వైపుల ఇంద్రుని వజ్రాయుధమును నిలిపినది. దధీచి తన యెముకల నిచ్చిన కథను భారతములో చదివిన మనకు దాని భావము వేరుగ చెప్పనక్కరలేదు. మొదటి పరమవీరచక్రము మేజర్ సోమనాథ్ శర్మ పేర వచ్చినది.

మన నెల్లూరుసీమలో నైతే చక్రములు లేని కాలమున ఆడువారే తీర్పు చెప్పినట్లు ఖడ్గతిక్కన కథ యున్నది. మనుమసిద్ధికిని కాటమరాజునకును పుల్లరి విషయమై కలహము పుట్టగా, సేన నశించి ఒంటరిగా ఇల్లు చేరిన తిక్కనకు భార్య చానమ్మ మంచము చాటుపెట్టి, స్నానమునకు నీళ్లును పసుపుముద్దయు ఉంచెనట! తల్లి ప్రోలమ విరిగిన పాలు వడ్డించెనట! ఆయన మరల పోయి పోరాడి మడిసెను. పెద్దలు దీనిని వీరమాతల కథగా చెప్పుదురు. మాకు మాత్రము వినినప్పుడెల్ల ఒక సందేహము కలుగును. తిరిగి రాకముందు ఆతడు చేసినదేమో ఆ యింట నెవరైన అడిగిరా? చూచి చెప్పగలవారందరు పోయిన పిమ్మట, ప్రాణముతో వచ్చినవాని మాట నమ్మువారెవరు?

ఈ సందేహము పుస్తకములలోనిదే కాదు. మైపాడు తీరమునకు చేరువనున్న ఒక పల్లెనుండి, 1971 యుద్ధములో పడమటి సరిహద్దున పనిచేసి వచ్చిన వృద్ధుని యిల్లాలు, రేకుపెట్టెలో బిళ్లలను మూటగట్టుకొని మా యింటికి వచ్చినది.

“యుద్ధం చేసినోడికి యుద్ధం బిళ్లే ఇచ్చినారు గదమ్మా, దీనికి నెలకింతని రాదంటున్నారు. పైకి ఒక అర్జీ రాసిపెట్టమ్మా” అన్నది.

ఆ బిళ్ల పశ్చిమీ స్టార్. ఆ యుద్ధమున పడమటి రంగమునందు పనిచేసినందుకు ఇచ్చునది. అక్కడ నుండినందుకు ఒక పతకము, అక్కడ చేసినదానికి వేరొక పతకము. భత్యము రెండవదానికే. చక్రమునకు సైనికుడు గాని, ఆతని యిల్లాలు గాని అర్జీ పెట్టుకొనునది లేదు. పటాలపు అధికారి, చూచినవారి సాక్ష్యముతో వ్రాసి పైకి పంపవలెను. అది మెట్టుమెట్టుగా పోయి రాష్ట్రపతివరకు చేరవలెను. ఇదంతయు చెప్పి, మేము అర్జీ వ్రాయలేదు. లేని ఆశను చక్కని దస్తూరీతో వ్రాసి ఇచ్చుట ఉపకారమని మేము తలపము.

తరువాత ఒకనాడు వారి పల్లెకు పోయినప్పుడు వృద్ధుడు అరుగుమీద కూర్చుండి వల బాగుచేయుచుండెను. “నేను చేసింది చూసినాయన ఆ రాత్రే పోయినాడమ్మా. ఇంక రాసేదెవురు?” అని, తెగిన కన్నును ముడివేయుటలో మునిగిపోయెను. ఆ యిల్లాలు మాత్రము ఆ మాట అదే మొదటిసారి వినినదట. ఏబదియేండ్ల కాపురములో!

ఇక భత్యముల సంగతి. 2017 ఆగస్టు 1 మొదలు ఇవి రెట్టింపైనవి. నెలకు పరమవీరచక్రమునకు 20,000, అశోకచక్రమునకు 12,000, మహావీరమునకు 10,000, కీర్తికి 9,000, వీరమునకు 7,000, శౌర్యమునకు 6,000 రూపాయలుగా నిర్ణయింపబడినవి. ఆయన పిమ్మట అది ఇల్లాలికి చెందును.

అర్హతలో మనవారికిని చోటున్నది. పరమవీరచక్రపు నిబంధనలోనే దాదులును, ఆసుపత్రి సిబ్బందియు, సేనల ఆజ్ఞకు లోబడి పనిచేయు సామాన్యులును, స్త్రీలైనను పురుషులైనను, చేరియున్నారు. అమెరికాలో 1943లో పదాతిదళమువారికి పోరాటచిహ్నము నేర్పరచినప్పుడు గాయములు కట్టువారిని విడిచి, 1945లో వారికి వేరొక చిహ్నము చేయవలసివచ్చినది. గల్వానులో ముప్పదిమందికి పైగా క్షతగాత్రులకు చికిత్స చేసి ప్రాణము విడిచిన నాయక్ దీపక్ సింగ్ వైద్యదళమువాడే. ఆతనికి వీరచక్రము వచ్చినది. ఆతని భార్య రేఖ చెన్నపట్టణమున శిక్షణ పొంది 2023లో తానే సేనలో అధికారిణి యైనది.

చివరకు, మనకు మిక్కిలి ముఖ్యమైనది. వీరుని వితంతువు మరల వివాహమాడినచో ఈ భత్యము పూర్వము ఆగిపోయెడిది. మఱదినో బావనో, అనగా భర్త తోడబుట్టినవానిని, చేసికొనినచో మాత్రము సాగెడిది! ఆమె యెవరిని వరింపవలెనో భత్యపు కాగితము చెప్పుట మాకు ఎన్నడును జీర్ణము కాలేదు. 2017 నవంబరులో ఆ షరతు తీసివేయబడినది. ఎవరిని వివాహమాడినను, ఆమె జీవించియున్నంతవరకు భత్యము ఆమెదే. ఇప్పటికిని కొన్ని యిండ్లలో పెద్దలు పాతమాటనే చెప్పి పడుచువారిని భయపెట్టవచ్చును. అట్టివారు ఎదురైనచో, జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయమునకు ఆమెను మీరే వెంటబెట్టుకొని పొండు.